చద్దిమూట, దినభత్యం, విమానం ట్రే

ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి వ్రాసి పంపమని మన సంఘం కార్యదర్శిగారు కబురు మీద కబురు పెట్టారు. రాజులు, యుద్ధాలు, రాజధానుల గురించి నాకంటే బాగా తెలిసిన పెద్దలు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. నాకు తెలిసినదల్లా ముప్ఫై ఏడేళ్ళ సర్వీసులో ఫైళ్ళు చంకన పెట్టుకుని తిరిగిన ఊళ్ళు, ఆ ఊళ్ళలో తిన్న తిండి. కనుక దాని చరిత్రే వ్రాస్తున్నాను. తిండికి చరిత్ర ఏమిటని నవ్వకండి. పట్నం వెళ్ళినవాడు ఎక్కడ కూర్చుని తిన్నాడు, పక్కన ఎవరిని కూర్చోనిచ్చారు, ఆ అన్నం ఎవరు వండారు అని అడుగుతూ పోతే శాసనాల్లో దొరకని సంగతులు కొన్ని దొరుకుతాయి.

ఈ ఆలోచన రావడానికి కారణం మా ఆవిడ. 2024 డిసెంబరులో విశాఖపట్నం నుంచి హైదరాబాదు, ఖాజాగూడలో ఉన్న మా అబ్బాయి ఇంటికి బయలుదేరాం. ముందురోజు రాత్రి ఆవిడ వంటింటి లైటు ఆర్పేసి వచ్చి, “ఈసారి దారికి నేనేమీ చెయ్యనండీ. విమానంలో ఏమిస్తే అదే తిందాం” అంది. పెళ్ళయిన యాభై రెండేళ్ళలో ఆ మాట వినడం నాకు మొదటిసారి. ఒంట్లో బాగాలేదేమోనని నుదురు మీద చెయ్యి వేసి చూశాను. జ్వరం లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మూడు గంటలకు పోపు ఘుమఘుమ లేకుండా మా ఇంట్లోంచి ఎవరూ ఏనాడూ పట్నం బయలుదేరలేదు.

పూర్వం సంగతి మొదట చెప్పుకుందాం. మన తెలుగువాళ్ళకు డబ్బిచ్చి బయట అన్నం తినడం ఇంగ్లీషువాళ్ళు నేర్పిన అలవాటు కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు నగరం తిరగడానికి వెళ్ళిన ఇద్దరు మిత్రులకు పూటకూళ్ళ ఇల్లు ఉంటుంది. ఒక రూకకు సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, నెయ్యి, అన్నీ దొరికేవట. ఆ కావ్యం వినుకొండ వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు గాని, ఆ భోజనం రుచి గురించి వాదించినవాళ్ళు లేరు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో అచ్చయిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఇటువంటి కావ్యాల నుంచే ఆనాటి తిండీ తిప్పలూ తవ్వి తీశారు. ఇక మా విజయనగరం సంగతికొస్తే, గురజాడ వారి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మను ఎరగనివారు ఎవరు? గిరీశం ఆవిడ ఇంట్లో తిని ఆవిడనే ఎగవేశాడు. చిన్నప్పుడు ఆ నాటకం చూసి అందరితో పాటు నేనూ నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ కాలంలో ఒక వితంతువుకు ఒకరి చేతికింద పడకుండా బతకడానికి మిగిలిన దారి పదిమందికి వండి పెట్టడమే. వంట ఆవిడది, కబుర్లు ఆయనవి.

అయితే పూటకూళ్ళ ఇల్లు అందరిదీ కాదు. దూరప్రయాణం చేసేవాడు తన వంటవాణ్ణి, తన గిన్నెల్ని వెంట తీసుకువెళ్ళేవాడు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, శ్రీశైలం మీదుగా హైదరాబాదు చేరారు. పల్లకీలు, బోయీలు, పరివారం అంతా వెంటే. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివినవారికి జ్ఞాపకం ఉంటుంది, ప్రతి మజిలీలోనూ ఆయన చూసేది ముందు నీళ్ళు, తరవాత బియ్యం, పప్పు అమ్మే అంగళ్ళు. ఉన్నవాడి ప్రయాణమే ఆ తీరుగా సాగితే లేనివాడికి చద్దిమూటే శరణ్యం.

1874లో సికింద్రాబాదుకు, 1889కల్లా అక్కడినుంచి బెజవాడకు రైలు వచ్చాక ప్రయాణం నెలల నుంచి గంటలకు దిగింది. పక్కన ఎవరు కూర్చుంటారో ఎంచుకునే వీలు మాత్రం పోయింది. ఆ ఇబ్బందికి జనం కనిపెట్టిన ఉపాయమే టిఫిన్ క్యారియరు, మరచెంబు. రైల్లో పొట్లం విప్పేముందు ఎదుటివాళ్ళ ఇంటిపేరు అడగడం నా వయసువాళ్ళందరూ చూసిందే. ఇంటిపేరు నచ్చితే మన పులిహోర వాళ్ళకు, వాళ్ళ చేగోడీలు మనకు. నచ్చకపోతే కిటికీ వైపు తిరిగి తినడం.

నేను 1967లో మా జిల్లా ఆఫీసులో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరాను. మరుసటి ఏడు బడ్జెటు కాగితాలు పట్టుకుని తొలిసారి హైదరాబాదు వెళ్ళాను. మెయిలులో బెజవాడ దాకా వెళ్ళి, అక్కడ బండి మారి, నాంపల్లిలో దిగేసరికి అమ్మ కట్టిన దిబ్బరొట్టె అయిపోయింది. నాతో మా ఆఫీసు అటెండరు ఒకాయన, కాగితాల పెట్టె మోయడానికి వచ్చాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. పేరు వ్రాయను, ఆయన పిల్లలు ఈ సంచిక చూస్తారు.

ఆనాటి హైదరాబాదులో తిండికి మూడు దారులు ఉండేవి. ఒకటి ఉడిపి హోటళ్ళు. ఆబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటలు 1948 నుంచి ఉన్నది, మన ఆఫీసుల వాళ్ళు తిరిగిన మెట్లే అవి. రెండోది ఆంధ్రా భోజనం మెస్సులు. 1956 నవంబరులో రాష్ట్రం ఏర్పడి కర్నూలు నుంచి ఆఫీసులు, గుమాస్తాలు వచ్చిపడ్డాక ఊరగాయ, గోంగూర కోసం వాచిపోయిన ప్రాణాలకు ఈ మెస్సులే ఆధారం. మూడోది ఇరానీ హోటలు. ఇరాన్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు వీధి మూలల్లో పెట్టిన ఈ హోటళ్ళలో పాలరాతి బల్లలు, వంపు తిరిగిన చెక్క కుర్చీలు, గల్లాపెట్టె దగ్గర గాజు సీసాల్లో బిస్కెట్లు ఉండేవి. ఆబిడ్స్ గ్రాండ్ హోటలు 1935 నాటిది. అక్కడికి దగ్గర్లోనే ఉండే ఓరియంట్‌లో రచయితలు, రాజకీయాల వాళ్ళు పొద్దస్తమానం కూర్చునేవారు, అది ఇప్పుడు లేదు. సికింద్రాబాదు పారడైజ్ 1953లో సినిమా హాలు పక్కన చిన్న కేఫుగా మొదలైనదే.

మా అటెండరుగారు ఉడిపి హోటలు దగ్గర బయటే ఆగిపోయాడు. “మీరు తినేసి రండి బాబూ” అన్నాడు. అప్పటికి రాజ్యాంగం వచ్చి పద్ధెనిమిదేళ్ళు. హోటళ్ళలో, దుకాణాల్లో కులం పేరిట ఎవరినీ ఆపకూడదని పదిహేనో అధికరణంలో స్పష్టంగా ఉంది. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం కూడా వచ్చింది. ఆ హోటలువాడు ఆయన్ని ఆపలేదు కూడాను, అడగనే లేదు. కాని మా ప్రాంతంలో కాఫీ హోటళ్ళ మీద కులం పేరుతో బోర్డులు ఆయన చూశాడు. ఊళ్ళో టీ దుకాణం చూరుకు వేరుగా తగిలించిన గ్లాసులో టీ తాగాడు. లోపలికి రమ్మని చట్టం చెప్పినా కాళ్ళు కదలవు గదా. నేనూ గట్టిగా పిలవలేదు, ఆకలి మీదున్నాను. తిని వచ్చాను.

సాయంత్రం ఆయనే నన్ను ఇరానీ హోటలుకు తీసుకువెళ్ళాడు. ఎవరో చెప్పారట. రిక్షావాడు, వకీలు, కాలేజీ కుర్రాళ్ళు ఒకే వరుసలో కూర్చుని ఉన్నారు. ఒక చాయ్ చెప్పి, రెండు కప్పుల్లో సగం సగం తెప్పించుకున్నాం. ఆయన సాసరులో పోసుకుని ఊదుకుంటూ చాలాసేపు తాగాడు. “ఇక్కడ మీది ఏ ఊరని కూడా అడగలేదు బాబూ” అన్నాడు. ఆ హోటలువాడికి పుణ్యం మీద ధ్యాస లేదు, బేరం మీద ఉంది. అయితేనేం, ఆ బల్ల దగ్గర నేను నేర్చుకున్నది సర్వీసు రూల్సులో లేదు.

ఇక దినభత్యం. ఈ అధ్యాయం మన సభ్యులకు నేను విప్పి చెప్పనక్కరలేదు. టూరు వెళితే రోజుకింత బత్తా. తిన్నా అంతే, తినకపోయినా అంతే, నా స్థాయి వాడిని హోటలు రసీదు అడిగిన పాపాన ఎవరూ పోలేదు. 1972లో నా పెళ్ళయింది. 1974 ఫిబ్రవరిలో వాల్తేరు నుంచి హైదరాబాదుకు గోదావరి ఎక్స్‌ప్రెస్ వేశారు. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి పట్నం. ఆ బండి వచ్చాక నా టూర్లు పెరిగాయి, మా ఆవిడ పనీ పెరిగింది. రాత్రికి పులిహోర, మర్నాడు పొద్దుటికి మినపరొట్టె, మధ్యాహ్నానికి ఎండిపోకుండా పాలు ఎక్కువ పోసి కలిపిన పెరుగన్నం, మూడు గిన్నెల క్యారియరులో కట్టేది. పెరుగు ఎంత వేస్తే ఇరవై గంటల తరవాత పులవకుండా ఉంటుందో ఆవిడకు ఋతువుల వారీగా తెలుసు. అలా నేను బత్తా మిగిల్చాను. టి.ఎ. బిల్లు పాసై వచ్చినప్పుడల్లా పది, పదిహేను రూపాయలు పోస్టాఫీసులో వేశాను. 1979లో ఆ డబ్బుతో హెచ్.ఎం.టి. వాచీ కొనుక్కున్నాను. నాకు.

ఈ సంగతి వ్రాయడానికి కూర్చున్నాకే నాకు తట్టింది, ఆ వాచీ ఎవరి కష్టమో. నలభై అయిదేళ్ళు పట్టింది. లెక్కల శాఖలో పనిచేసినవాడికి ఇది గొప్ప కాదు.

మా ఆవిడ మొదటిసారి హోటల్లో తిన్నది 1976 జనవరిలో, నుమాయిష్ చూడడానికి వచ్చినప్పుడు. నాంపల్లిలో ఆ ఎగ్జిబిషను 1938 నుంచి జరుగుతున్నదని అందరూ ఎరుగుదురు. మధ్యాహ్నం ఆబిడ్స్‌లో ఒక హోటలుకు తీసుకువెళ్ళాను. ఆడవాళ్ళతో వస్తే హాల్లో కూర్చోనిచ్చేవారు కాదు, ‘ఫ్యామిలీ రూము’ అని చెక్క అరలుండేవి, వాటికి ఆకుపచ్చ తెర. మసాలా దోసె తెప్పించాను. “మనమేం తప్పు చేశామండీ, తెర వేశాడు?” అంది. మర్యాద కోసమని చెప్పాను. దోసె అంచు విరిచి వెలుతురుకు పెట్టి చూసి, పిండిలో అటుకులు వేశాడా, అన్నం వేశాడా అని ఆలోచించింది. తినడం కాగానే రెండు ప్లేట్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మెతుకులు ఎత్తి, లేచి నిలబడి ఎక్కడ కడగాలని చూసింది. తెర తీసిన సర్వరు కుర్రాడు నవ్వాడు. ఆవిడ కూర్చుండిపోయింది. ఆ రోజు బయటికి వచ్చాక నుమాయిష్‌లో ఏం చూశామో నాకు జ్ఞాపకం లేదు.

1982లో నాకు హైదరాబాదు బదిలీ అయింది. ఖాజాగూడ పేరు మొదట విన్నది అప్పుడే. 1985 కార్తీకమాసంలో మా ఆఫీసు వాళ్ళం బస్సు మాట్లాడుకుని అక్కడికి వనభోజనానికి వెళ్ళాం. ఇప్పటిలా కులానికొక వనభోజనం కాదు, ఆఫీసుకొకటి. అప్పటికి గచ్చిబౌలి వైపు చెప్పుకోదగ్గది 1974లో పెట్టిన సెంట్రల్ యూనివర్సిటీ ఒక్కటే. మిగిలినదంతా బండరాళ్ళు, సీతాఫలం పొదలు, జొన్నచేలు, చెరువు. ఖాజాగూడ గుట్ట మీద బాబా ఫక్రుద్దీన్ దర్గా, అనంతపద్మనాభస్వామి గుహాలయం పక్కపక్కనే ఉన్నాయి. 1951లో మెహెర్ బాబా ఏకాంతవాసం చేసిన గుహ కూడా అక్కడిదే. ఆ రాళ్ళ వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు చెబుతారు. మా సూపరింటెండెంటుగారు అంత వయస్సున్నా రాళ్ళకు పెన్షను లేదన్నారు. ఉసిరి చెట్టు ఎక్కడా కనబడక, ఎందుకైనా మంచిదని ఇంటినుంచి తెచ్చిన కొమ్మను రాళ్ళ మధ్య నిలబెట్టి దాని కింద కూర్చున్నాం.

మగవాళ్ళం పేకముక్కలు పంచుకున్నాం. ఆడవాళ్ళు పదకొండు మంది మూడురాళ్ళ పొయ్యిలు రెండు వేసి వంట మొదలుపెట్టారు. ఇందాక చెప్పిన అటెండరుగారు కూడా అప్పటికి హైదరాబాదు వచ్చి ఉన్నారు. ఆయన భార్య వంట దగ్గరికి రాకుండా దూరంగా ఒక బండమీద కూర్చుని ఉంది. ఎవరూ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. ఉడిపి హోటలు గుమ్మం దగ్గర జరిగినదే మళ్ళీ జరుగుతోంది. మా ఆవిడ లేచి వెళ్ళి, “వదినగారూ, పప్పుపులుసు అడుగంటేలా ఉంది, కాస్త కలుపుదురూ” అని గరిటె ఆవిడ చేతికిచ్చింది. భోజనాల దగ్గర రెండు కుటుంబాల వాళ్ళు తమకు పులుసు పడదని ఒట్టి పెరుగన్నం తిన్నారు. నేను చూసి కూడా ఏమీ అనలేదు. పేకలో గెలుస్తున్నాను. ఆ సాయంత్రం బస్సులో మా ఆవిడ నాతో మాట్లాడలేదు. ఎందుకో నేను అడగలేదు.

ఇక విమానం. గాలిలో భోజనం చరిత్ర నూరేళ్ళ పైమాట. 1919 అక్టోబరులో లండను నుంచి పారిస్ వెళ్ళే హ్యాండ్లీ పేజ్ కంపెనీ విమానంలో మూడు షిల్లింగులకు భోజనం పెట్టె అమ్మారు. అందులో చల్లారిన రొట్టెముక్కలు, పండ్లు, అంతే. అంటే అది దొరల చద్దిమూట. మన హైదరాబాదుకు విమానం కొత్త కాదు. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపారు. మన దేశంలో ప్రయాణికుల విమానం నడిపిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది ఆ కంపెనీయే. 1953లో జాతీయం చేసి దాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపారు.

విమానం ట్రేలో వచ్చేది అప్పటికప్పుడు వండింది కాదు. కింద వంటశాలలో వండి, వెంటనే బాగా చల్లార్చి, శీతల పెట్టెల్లో ఎక్కించి, పైన మళ్ళీ వేడిచేసి ఇస్తారు. పైలట్లిద్దరికీ ఒకే వంట పెట్టకపోవడం చాలా కంపెనీల ఆనవాయితీ, అది పడకపోతే ఇద్దరూ ఒకేసారి పడిపోకూడదు గదా. ఇంకో విశేషం ఉంది. 2010లో జర్మనీలో లుఫ్తాన్సా కంపెనీ కోసం ఫ్రాన్‌హోఫర్ సంస్థ వారు పరీక్షలు చేసి, విమానంలోని పొడి గాలికి, తగ్గిన వత్తిడికి నాలుకకు ఉప్పు, తీపి తక్కువగా తెలుస్తాయని తేల్చారు. ఆవకాయ సీసా లేకుండా మనవాళ్ళు విమానం ఎందుకు ఎక్కరో ఆ జర్మనులు మనల్ని అడిగితే పరీక్ష ఖర్చు మిగిలేది.

నేను మొదటిసారి ఎక్కింది 1988లో. ఒక కేసు కాగితాలు అత్యవసరంగా ఢిల్లీ చేర్చాలి, వెళ్ళవలసిన ఆఫీసరుగారికి జ్వరం. బేగంపేట నుంచి పొద్దుటి విమానం. మా ఆవిడ రెండున్నరకే లేచి, ఇంగువ బాగా దట్టించి పులిహోర చేసి, స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. లోపలికి వెళ్ళి చూస్తే చుట్టూ సూట్లు, బూట్లు. ఎయిర్ హోస్టెస్ పళ్ళెంలో బిళ్ళలు, చెవులకు దూది తెచ్చింది. డబ్బా మూత ఊడితే ఇంగువ వాసన వస్తుందని పాదాల మధ్య బిగించి పట్టుకున్నాను. ట్రే వచ్చింది. బొమ్మ గిన్నెల్లా చిన్న చిన్న గిన్నెలు, వెన్న ముక్క, ఒక రొట్టె, ఒక మిఠాయి. ఏది ఎలా విప్పాలో పక్కాయన్ని ఓరకంట చూసి విప్పాను. నా పక్కన ఎవరు కూర్చున్నారో, ఆయన ఏ కులమో ఎవరూ అడగలేదు. అందరికీ ఒకే ట్రే. ఆ ఇరానీ హోటలు బల్ల జ్ఞాపకం వచ్చి ఉండవలసింది. రాలేదు. డబ్బా ఎవరికంటా పడకూడదన్న ధ్యాసే. రాత్రి ఢిల్లీలో బసలో పులిహోర మొత్తం చెత్తబుట్టలో పోసి, డబ్బా సబ్బుతో శుభ్రంగా కడిగాను. ఇంటికి వచ్చాక, “పులిహోర సరిపోయిందా?” అంది. “చాలా బాగుంది” అన్నాను.

2003లో ఎయిర్ డెక్కన్, 2006లో ఇండిగో వచ్చాక విమానంలో మామూలు సంసారులు ఎక్కడం మొదలైంది, ఉచితపు ట్రే పోయింది. తినాలంటే కొనుక్కోవాలి. దాంతో పులిహోర డబ్బాలు ధైర్యంగా బయటికి వచ్చాయి. 2008 మార్చిలో బేగంపేట మూసి శంషాబాదు తెరిచాక ఇంటినుంచి విమానాశ్రయానికే ఓ పూట ప్రయాణం, కనుక డబ్బా మరీ అవసరమైంది. నేను 2004లోనే రిటైరై విశాఖలో స్థిరపడ్డాను. పిల్లాడి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మా ఆవిడ కట్టేది, నేను ఈసారి దర్జాగా ఒళ్ళో పెట్టుకుని తినేవాణ్ణి. చుట్టూ అందరూ అదే పని చేస్తుంటే దర్జాకేం లోటు.

ఇప్పుడు మొన్నటి ప్రయాణం. మా అబ్బాయి ముందే ఇద్దరికీ తిండి బుక్ చేశాడు. మా ఆవిడ ఇద్దరు కొత్తవాళ్ళ మధ్య సీట్లో కూర్చుంది, నాకు వెనక వరసలో దొరికింది. ఆ అమ్మాయి ఒక కాగితపు గిన్నె మూత తీసి, అందులో వేడినీళ్ళు పోసి, మూతపెట్టి, కొద్ది నిమిషాలు ఆగమని చెప్పింది. ఆగి తీస్తే ఉప్మా. మా ఆవిడ వెనక్కి తిరిగి నావైపు చూసింది. దిగాక అంది, “వేడినీళ్ళు పోస్తే ఉప్మా అయిపోయిందండీ. యాభై ఏళ్ళు నేను నిలబడి రవ్వ వేయించాను.” రుచి ఎలా ఉందంటే, బాగానే ఉంది, కరివేపాకు సరిగా వేగలేదంది. గిన్నె అమ్మాయే తీసుకెళ్ళిపోయిందని రెండుసార్లు చెప్పింది.

ఖాజాగూడలో మా వాళ్ళది పద్నాలుగో అంతస్తు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఇలా పైకి లేచాయి. బాల్కనీలోంచి గుట్ట కనిపిస్తుంది. మేము పొయ్యి పెట్టిన చోటేదో గుర్తుపట్టలేకపోయాం. కోడలికి రాత్రి పన్నెండింటిదాకా అమెరికా వాళ్ళతో పని. వంటమనిషి రోజూ పొద్దున వచ్చి వండిపెట్టి వెళుతుంది, సాయంత్రం తిండి మూడు రోజులు బయటినుంచే. అత్తగారు ఏమంటుందోనని ఆ అమ్మాయి బిక్కుబిక్కుమంటూ చూస్తుంటే, మా ఆవిడ మనవరాలి ఫోను తీసుకుని, బొమ్మలన్నీ జరిపి చూసి, “నానమ్మకు పనీర్ ఏదో తెప్పించవే” అంది.

తెచ్చిన కుర్రాడు చాలాసేపటికి తలుపు తట్టాడు. అక్కడ సామాన్లు తెచ్చేవాళ్ళకు మామూలు లిఫ్టు లేదు, వెనకవైపు సర్వీసు లిఫ్టు ఎక్కాలి, అది ఆ పూట ఆగి ఉందట. పద్నాలుగు అంతస్తులు మెట్లెక్కి వచ్చాడు. మా ఆవిడ మంచినీళ్ళిచ్చి, “నువ్వు తిన్నావా బాబూ?” అంది. “పదకొండు దాటినాక తింతానమ్మా” అన్నాడు. ఆ ‘తింతాను’ చెవిన పడగానే, “మీది ఏ ఊరు?” అంది. రాజాం దగ్గరట. కూర్చోమంది. గుమ్మం దగ్గరే నిలబడి నీళ్ళు తాగి, ఇంకో ఆర్డరుందని వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ తీరు నాకు తెలిసినదే. 1968లో చూశాను. ఈసారి నేను లిఫ్టు సంగతి అపార్టుమెంటు వాళ్ళ ఆఫీసులో కాగితం వ్రాసి ఇచ్చాను. జవాబు రాలేదు. మళ్ళీ వ్రాస్తాను, రిమైండరు పెట్టడం మనకు అలవాటే గదా.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఢిల్లీ పులిహోర సంగతి ముప్ఫై ఆరేళ్ళ తరవాత మా ఆవిడకు చెప్పేశాను. పిల్లలు నోళ్ళు తెరిచారు. ఆవిడ పనీర్ ముక్క నములుతూ, “నాకు అప్పుడే తెలుసు లెండి. ఏనాడైనా మీరు డబ్బా కడిగి తెచ్చారా?” అంది.

తిరుగు ప్రయాణం రోజున నేను నాలుగింటికి లేచి, ఎవరినీ లేపకుండా, పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టాను. కోడలు అల్లం ఎక్కడ ఉంచుతుందో తెలియక అల్లం వేయలేదు. శంషాబాదులో విమానం కోసం కూర్చుని ఉండగా డబ్బా తీసి ఇచ్చాను. ఆవిడ మూత తీసి, వాసన చూసి, ఒక ముద్ద తిన్నది.

“ఉప్పు తక్కువైందండీ. పైకెళితే ఇంకా తగ్గుతుందన్నారుగా, ఇక్కడే తినేద్దాం” అంది.